ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ మెదడు నిర్మాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

సూటిగా చెప్పండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ మెదడు వేరుగా ఉంటుందా?

వేల మంది స్కాన్లు కలిపి సగటు తీస్తే తేడా కనిపిస్తుంది. ఒక్క మనిషి స్కాన్ చేతికిచ్చి "ఈయనకి ఆటిజం ఉందా?" అని అడిగితే, ఎంత అనుభవం ఉన్న రేడియాలజిస్టయినా చెప్పలేరు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే అసలు ప్రశ్న. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

సగటున ఏయే భాగాల్లో తేడా కనిపించింది?

ఇప్పటివరకూ వచ్చిన పెద్ద లెక్కల్లో ఒకటి ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందానిది. 2018లో వెలువడింది. 49 చోట్ల తీసిన ఎంఆర్ఐ స్కాన్లను ఒకే పద్ధతిలో కొలిచారు. ఆటిజం ఉన్నవాళ్ళు 1,571 మంది, లేనివాళ్ళు 1,651 మంది, వయసు 2 నుంచి 64 ఏళ్ళ దాకా.

మెదడు లోతుల్లో ఉండే నాలుగు ముద్దలు ఆటిజం ఉన్నవాళ్ళలో సగటున కొంచెం చిన్నవిగా ఉన్నాయి. అవి పుటామెన్, పాలిడమ్, అమిగ్డలా, న్యూక్లియస్ అకుంబెన్స్. మొదటి రెండూ కదలికలకీ అలవాట్లకీ సంబంధించినవి. అమిగ్డలా భయాన్నీ, ఎదుటివారి ముఖంలోని భావాన్నీ పసిగట్టే పనిలో ఉంటుంది. అకుంబెన్స్‌కి ఇష్టంతో, ప్రతిఫలంతో ముడి.

పైపొర సంగతి వేరు. మెదడు మీద ముడతలు ముడతలుగా కనిపించే ఈ పొర, అంటే కార్టెక్స్, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది. నుదుటి వెనక భాగంలో ఇది సగటున కాస్త మందంగా, కణతల భాగంలో కాస్త పలచగా తేలింది.

అదే బృందం 2019లో ఎడమ, కుడి సగాలను పోల్చింది. మామూలుగా రెండు సగాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆటిజం ఉన్నవాళ్ళలో కొన్ని చోట్ల, ముఖ్యంగా పైపొర మందంలో, ఆ ఎడమ-కుడి తేడా తగ్గింది. ఇది కూడా చిన్న తేడానే.

"చిన్న తేడా" అంటే ఎంత?

పరిశోధకులు దీన్ని కోహెన్ డి అనే అంకెతో చెబుతారు. రెండు గుంపుల సగటుల మధ్య దూరాన్ని, గుంపు లోపల మనుషుల మధ్య ఉండే సహజమైన హెచ్చుతగ్గులతో (ప్రామాణిక విచలనంతో) భాగిస్తే వచ్చేది అది. ఎనిగ్మా లెక్కలో లోపలి ముద్దలకి పెద్దదనుకున్న తేడాయే 0.13. పైపొరకి దాదాపు 0.2.

0.2 అంటే రెండు గుంపుల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెడితే 92 శాతం కలిసిపోతాయి. ఇంకోలా చెప్పాలంటే, ఆటిజం ఉన్నవారిని ఒకరిని, లేనివారిని ఒకరిని చీటీ తీసి పక్కపక్కన నిలబెట్టి, "ఎవరి పైపొర ఇక్కడ మందం?" అని చూస్తే, వందలో 56 సార్లు సగటు చెప్పినట్టు వస్తుంది, 44 సార్లు తిరగబడుతుంది. బొమ్మా బొరుసూ వేసినదానికంటే ఆరు ఎక్కువ.

మగవాళ్ళ ఎత్తుకీ ఆడవాళ్ళ ఎత్తుకీ మధ్య తేడా ఇదే కొలతలో 2కి దగ్గరగా ఉంటుంది, అంటే పది రెట్లు. అయినా ఎత్తు ఒక్కటే చెప్పి ఆడో మగో తేల్చమంటే పొరబడతాం. ఇక 0.2తో ఏం తేలుస్తాం?

మరి కంప్యూటర్ స్కాన్ చూసి 90 శాతం కచ్చితంగా చెప్పిందని వార్తల్లో వచ్చిందే?

వచ్చింది, వస్తూనే ఉంటుంది. 2010లో లండన్‌లో 20 మంది ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు, 20 మంది లేనివాళ్ళ మీద చేసిన అధ్యయనంలో ఆటిజం ఉన్నవాళ్ళను 90 శాతం, లేనివాళ్ళను 80 శాతం దాకా సరిగ్గా గుర్తించారు. పనిలో తప్పు లేదు. కానీ ఆ అంకెని వీధిలోకి తీసుకొచ్చి చూడండి. జనాభాలో వందకి ఒకరికి ఆటిజం ఉందనుకుందాం. వెయ్యిమందికి స్కాన్ తీస్తే నిజంగా ఉన్నవాళ్ళు 10 మంది, వాళ్ళలో 9 మందిని యంత్రం పట్టుకుంటుంది. లేని 990 మందిలో 20 శాతం, అంటే 198 మందిని కూడా "ఉంది" అంటుంది. మొత్తం 207 మందికి "ఉంది" అని చెబితే అందులో నిజం 9. వందకి నాలుగు!

రెండో చిక్కు ఏమిటంటే, 40 మంది మీద నేర్చుకున్న లెక్క ఇంకో ఊరి స్కానర్‌కి వెళ్ళేసరికి చతికిలబడుతుంది. 2012లో అబైడ్ అనే ఉచిత డేటా భాండాగారం తెరుచుకుంది, మొదటి విడతలో 1,112 మంది స్కాన్లు. 2014లో దాన్ని వాడి నిర్మాణ కొలతలతో గుర్తించే ప్రయత్నం చేస్తే కచ్చితత్వం 60 శాతం దాటలేదు. తర్వాత జరిగిన ఒక అంతర్జాతీయ పోటీలో 146 బృందాలు పాల్గొన్నాయి. అందులో మెరుగైన ఫలితాలు కూడా నిర్మాణం కంటే ఎక్కువగా మెదడు పనితీరు చూపే స్కాన్ల వల్లే వచ్చాయి.

కాబట్టి "ఏఐతో ఆటిజం స్కాన్" అన్న ప్రకటన కనిపిస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఎంతమంది మీద? నేర్చుకున్న ఆసుపత్రిలో కాకుండా వేరే ఆసుపత్రి స్కాన్ల మీద పరీక్షించారా?

తల పెద్దగా ఉంటుందంటారు. పెద్దయ్యాక కూడానా?

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాస్తూ వర్ణించిన 11 మంది పిల్లల్లో ఐదుగురి తలలు కాస్త పెద్దవని ఆయనే రాశారు. ఆ గమనిక నిలబడింది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లలను వరసగా స్కాన్ చేశారు. తర్వాత ఆటిజం తేలిన పిల్లల్లో 6 నుంచి 12 నెలల మధ్య పైపొర విస్తీర్ణం వేగంగా పెరిగింది, ఆ వెనకే రెండో ఏట మెదడు పరిమాణం పెరిగింది.

కానీ ఇది అందరి కథా కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో స్పష్టంగా పెద్ద తల ఉన్నవాళ్ళు సుమారు 15 శాతం. పెద్దయ్యేసరికి మిగతావాళ్ళు అందుకుంటారు, సగటు తేడా చాలావరకు కరిగిపోతుంది. టేపు తీసుకుని ముప్పై ఏళ్ళ కొడుకు తల కొలిచి ప్రయోజనం లేదు. ముందు తండ్రి తల, తాత తల కొలవండి. పెద్ద తల చాలా ఇళ్ళలో వంశపారంపర్యమే.

ఒక మినహాయింపు ఉంది. తల చాలా పెద్దదిగా ఉండి ఆటిజం కూడా ఉంటే పీటెన్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూడాల్సి వస్తుంది. దాని వల్ల కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది, కాబట్టి అది తెలియడం పెద్దవాళ్ళకీ అవసరమే. జన్యువులు ఎంత విడ్డూరంగా పనిచేస్తాయో చూడండి: 16వ క్రోమోజోమ్‌లో 16పి11.2 అనే ముక్క ఒకటి తప్పిపోతే మెదడు పెద్దదవుతుంది, అదే ముక్క అదనంగా ఉంటే చిన్నదవుతుంది. ఆటిజం అవకాశం రెండిట్లోనూ పెరుగుతుంది. ఇద్దరినీ ఒకే గుంపులో వేసి సగటు తీస్తే తేడా సున్నా అయి కూర్చుంటుంది. "ఆటిజం మెదడు" అనే ఒకే మెదడు కోసం వెతకడం ఎందుకు దండగో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అమిగ్డలా పెద్దదా, చిన్నదా? రెండు రకాలూ చదివాం.

వయసుని బట్టి. చిన్నపిల్లల్లో చాలా అధ్యయనాలు పెద్దదనే చెప్పాయి. పెద్దవాళ్ళలో సమానంగానో, కాస్త చిన్నగానో వస్తోంది. 2018లో, మరణానంతరం దానం చేసిన 52 మెదళ్ళలో అమిగ్డలా కణాలను లెక్కపెట్టారు. ఆటిజం ఉన్న పిల్లల్లో పరిపక్వమైన నాడీకణాలు ఎక్కువ, పెద్దవాళ్ళలో తక్కువ. లేనివాళ్ళలో వయసుతో పాటు కణాలు పెరుగుతూ పోతుంటే, వీళ్ళలో దారి తిరగబడింది. అందుకే పదేళ్ళవాళ్ళనీ నలభై ఏళ్ళవాళ్ళనీ కలిపిన అధ్యయనం ఏ జవాబైనా ఇవ్వగలదు.

చిన్నమెదడు సంగతి?

1988లో అమెరికాలో 18 మందిని స్కాన్ చేసి, చిన్నమెదడు నడుమ ఉండే వర్మిస్ అనే భాగంలో 6, 7 తమ్మెలు చిన్నవిగా ఉన్నాయన్నారు. అప్పట్లో పెద్ద సంచలనం. తర్వాత చేసినవాళ్ళలో కొందరికి అలాగే వచ్చింది, కొందరికి రాలేదు. స్కాన్ కంటే గట్టిగా నిలిచింది సూక్ష్మదర్శిని కింద కనిపించినది. 1985లో 29 ఏళ్ళ వ్యక్తి మెదడుని పరిశీలించినప్పటి నుంచి, చిన్నమెదడులోని పర్కింజే అనే పెద్ద నాడీకణాలు తక్కువగా ఉన్నాయన్న సంగతి పలు మెదళ్ళలో కనిపించింది. అన్నిట్లోనూ కాదు. మూర్ఛ ఉన్నవాళ్ళలో ఆ మూర్ఛో, దాని మందులో కూడా ఈ కణాలను తగ్గించవచ్చు, ఆ చిక్కు ఉండనే ఉంది.

రెండు సగాలను కలిపే వంతెన, అంటే కార్పస్ కెల్లోసం, సన్నగా ఉంటుందా?

సగటున కొంచెం. పెద్దవాళ్ళలోనూ ఇది పలుమార్లు కనిపించింది. పుట్టుకతోనే ఈ వంతెన లేనివాళ్ళలో గణనీయమైన భాగానికి ఆటిజం లక్షణాలు ఉంటాయి, కానీ అందరికీ కాదు. అంటే వంతెనకీ ఆటిజానికీ చుట్టరికం ఉంది, కానీ అదొక్కటే కారణం కాదు.

తల కదిలితే ఫలితాలు మారతాయంటారు, ఎలా?

ఈ రంగంలో చాలా గొడవలకి మూలం ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

నిర్మాణం చూసే టీ1 స్కాన్‌కి సుమారు అయిదారు నిమిషాలు పడుతుంది. మెదడుని ఒక్కో మిల్లీమీటరు ఘనాలుగా విడగొట్టి చిత్రం తీస్తుంది. తర్వాత ఫ్రీసర్ఫర్ లాంటి సాఫ్ట్‌వేర్ పుర్రెని తీసేసి, లోపలి తెల్ల పదార్థానికీ దానిమీది బూడిదరంగు పదార్థానికీ మధ్య గీత గీస్తుంది, బయటి అంచు మీద ఇంకో గీత గీస్తుంది. రెండు గీతల మధ్య దూరమే "మందం". మనం వెతుకుతున్న తేడా మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు, చూస్తున్న ఘనం ఒక మిల్లీమీటరు. తల కొద్దిగా కదిలినా అంచు మసకబారి గీత జరుగుతుంది.

2015లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లనే స్కానర్‌లో కావాలని తల ఊపమన్నారు. బూడిదరంగు పదార్థం పరిమాణం, మందం తగ్గినట్టు కనిపించాయి. అదే మనిషి, అదే రోజు. ఆటిజం ఉన్నవాళ్ళు సగటున స్కానర్‌లో ఎక్కువ కదులుతారు. ఇంకేం కావాలి, లేని తేడా పుట్టడానికి?

తెల్ల పదార్థంలో నరాల దారులు చూపే డీటీఐ స్కాన్లలో ఇది ఇంకా ఘోరం. 2014లో పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో రెండు గుంపుల్లోనూ తల కదలిక సమానంగా ఉండేలా ఎంచుకుంటే, అప్పటిదాకా ఎన్నో దారుల్లో ఉందన్న తేడా కుడివైపు ఒక్క దారికి పరిమితమైంది.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. కదలిక పైపొరను పలచగా చూపిస్తుంది. ఆటిజంలో నుదుటి వెనక మందంగా వస్తోంది. కాబట్టి ఆ తేడాని కదలిక ఖాతాలో వెయ్యడం సులువు కాదు. కణతల దగ్గర పలచదనం విషయంలోనే అనుమానం ఎక్కువ ఉంచుకోవాలి.

స్త్రీలలో ఎలా ఉంటుంది?

పాత అధ్యయనాల్లో ఎక్కువమంది మగవాళ్ళే, కాబట్టి "ఆటిజం మెదడు" అని చదివినప్పుడల్లా "ఆటిజం ఉన్న మగవాళ్ళ మెదడు" అని చదువుకోవడం మేలు. 2013లో కేంబ్రిడ్జ్ బృందం 120 మంది పెద్దవాళ్ళను నాలుగు సమాన గుంపులుగా పోల్చింది: ఆటిజం ఉన్న ఆడ, మగ, లేని ఆడ, మగ. ఆటిజం ఉన్న స్త్రీలలో తేడాలు కనిపించిన చోట్లూ, పురుషుల్లో కనిపించిన చోట్లూ పెద్దగా కలవలేదు. గుంపుకి 30 మందే అన్నది గుర్తుంచుకోవాలి.

వయసు మీద పడ్డాక?

ఎనిగ్మా లెక్కలో నుదుటి వెనక మందం తేడా కౌమారంలో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గింది. నలభై దాటినవాళ్ళు ఇలాంటి డేటాలో చాలా తక్కువ. అరవై ఏళ్ళ ఆటిజం వ్యక్తి మెదడు గురించి ఎవరైనా ధీమాగా మాట్లాడితే ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాలి.

స్కాన్‌కి కనిపించనివి ఏమైనా ఉన్నాయా?

చాలా. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట్లు, సినాప్స్‌లు, ఎంఆర్ఐకి అందవు. 2024లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పెట్ స్కాన్‌తో బతికున్న పెద్దవాళ్ళలోనే సినాప్స్‌ల సాంద్రతను కొలిచారు. ఆటిజం ఉన్న 12 మందిలో, లేని 20 మందితో పోలిస్తే మెదడంతటా 17 శాతం తక్కువ. 0.2 లాంటి అంకెల పక్కన ఇది చాలా పెద్దది. కానీ 12 మందే, పైగా పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక పదార్థం ఎక్కించాలి. పెద్ద గుంపుల్లో నిలబడితేనే లెక్క.

మిగతా సమాచారం దానం చేసిన మెదళ్ళ నుంచి రావాలి, అవి ఎప్పుడూ కరువే. 2012లో అమెరికాలో ఒక మెదడు భాండాగారంలో ఫ్రీజర్ పాడై దాదాపు 150 మెదళ్ళు కరిగిపోయాయి, అందులో 54 ఆటిజం పరిశోధనకి ఉంచినవి. ఆ నష్టం ఈ రంగంలో ఏళ్ళ తరబడి తెలిసింది.

మెదడు తేడా వల్ల ఆటిజం వచ్చిందా, ఆటిజంతో బతకడం వల్ల మెదడు మారిందా?

పెద్దవాళ్ళకి ఒక్కసారి తీసిన స్కాన్ ఇది చెప్పలేదు. ముప్పై ఏళ్ళ అలవాట్లు, ఆందోళన, నిద్రలేమి, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం), మూర్ఛ, రిస్పెరిడోన్ లాంటి మందులు, అన్నీ మెదడు మీద తమ గుర్తు వేయగలవు. పసితనం నుంచి వరసగా తీసిన స్కాన్లే ఏది ముందో చెప్పగలవు.

అయితే మా డాక్టర్ ఎంఆర్ఐ ఎందుకు రాశారు?

ఆటిజం తేల్చడానికి కాదు, ఇంకేదైనా లేదని చూడటానికి అయ్యుండాలి. రాయడానికి సరైన కారణాలివి: మూర్ఛలు రావడం, ఒకవైపు చెయ్యో కాలో బలహీనపడటం, ఉన్న మాటలు, నైపుణ్యాలు పెద్దయ్యాక హఠాత్తుగా పోవడం, కొత్తగా తీవ్రమైన తలనొప్పి, చర్మం మీద ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జబ్బుని సూచించే తెల్ల మచ్చలు. వీటిలో ఏదీ లేకపోతే "ఎందుకు రాస్తున్నారండీ?" అని అడగడం మీ హక్కు. బ్రిటన్‌లో పెద్దవాళ్ళ ఆటిజం మీద 2012లో నైస్ అనే అక్కడి ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, నిర్ధారణ కోసం మామూలుగా మెదడు స్కాన్లు, జన్యు పరీక్షలు వాడొద్దని స్పష్టంగానే రాశాయి.

రిపోర్టులో "అరాక్నాయిడ్ సిస్ట్" అని ఉంది. అదేనా కారణం?

కాదు. చిన్న అరాక్నాయిడ్ సిస్టు (మెదడు పొరల మధ్య నీరు నిండిన సంచి), తెల్ల పదార్థంలో ఒకటి రెండు చుక్కలు, చిన్నమెదడు వెనక కాస్త పెద్ద ఖాళీ, సైనస్‌లో వాపు, ఇవన్నీ ఏ ఇబ్బందీ లేనివాళ్ళలోనూ కనిపిస్తాయి. రిపోర్టు పట్టుకుని ఆసుపత్రులు తిరిగే ముందు, రాసిన న్యూరాలజిస్టునే "దీనికి ఏమైనా చెయ్యాలా?" అని అడగండి. ఎక్కువసార్లు అక్కర్లేదనే వస్తుంది. అలాగే "నార్మల్" అని వస్తే ఆటిజం లేదని కాదు. ఆటిజం ఉన్నవాళ్ళలో అత్యధికుల స్కాన్ నార్మలే.

వేరే కారణానికి స్కాన్ తప్పదు. ఆటిజం ఉన్నవాళ్ళు ఎలా సిద్ధపడాలి?

యంత్రం శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. గొట్టంలో వెల్లకిలా పడుకోవాలి, ముఖం మీద పంజరం లాంటి కాయిల్ పెడతారు. ముందుగా చెయ్యదగినవి:

- యూట్యూబ్‌లో ఎంఆర్ఐ శబ్దాల రికార్డింగులు ఉంటాయి. వారం ముందు నుంచి పడుకుని, మొదట చిన్నగా, రోజూ కాస్త పెంచుతూ వినండి.
- చెవిలో దూదిలాంటి ప్లగ్గులు, దానిమీద హెడ్‌ఫోన్లు, రెండూ అడగండి. ఒక్కటే ఇస్తే చాలదు.
- జిప్పు, హుక్కు, జరీ లేని పాత కాటన్ బట్టలు వేసుకెళ్ళండి. గౌను గరుకు చాలామందికి భరించరానిదిగా ఉంటుంది. తాళి, మెట్టెలు, మొలతాడుకి కట్టిన తాయెత్తు తియ్యాలని ఇంట్లోనే చెప్పి ఉంచండి, అక్కడికెళ్ళాక గొడవ పడకుండా.
- టెక్నీషియన్‌తో "ఒక్కో స్కాన్ ముందు ఎన్ని నిమిషాలో మైకులో చెప్పండి" అనండి. ఎంతసేపో తెలిస్తే కదలకుండా ఉండటం సులువు.
- చేతికిచ్చే బెల్లు నొక్కితే ఆపేస్తారు. అది పనిచేస్తుందో లేదో మొదలుపెట్టే ముందే నొక్కి చూడండి.

మత్తు ఇస్తామంటే ఎన్ని గంటలు ఏమీ తినకూడదో, రోజూ వేసుకునే మందులు ఆపాలా వద్దా అన్నది రాతలో తీసుకోండి. మూర్ఛ మందు మీ అంతట మీరు ఆపొద్దు. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. భయపడాల్సింది శరీరంలో ఉండే లోహం విషయంలో: పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, పాత సర్జరీ క్లిప్పులు.

బ్రెయిన్ మ్యాపింగ్, స్టెమ్ సెల్ ప్యాకేజీలు?

రంగురంగుల మెదడు బొమ్మ చూపించి "ఇక్కడ లోపం ఉంది, స్టెమ్ సెల్స్‌తో పూడుస్తాం" అనేవాళ్ళున్నారు. పైన చెప్పిన 0.2 గుర్తుందిగా? ఒక్క మనిషి మెదడులో వేలు పెట్టి "ఇదీ ఆటిజం" అని చూపించగలిగే చోటే లేనప్పుడు పూడ్చేది దేన్ని? ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చెయ్యబోమని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది.

మరి పెద్దయ్యాక నిర్ధారణ ఎలా?

మాట్లాడి, గమనించి, చిన్ననాటి సంగతులు తెలుసుకుని. సైకియాట్రిస్టో, క్లినికల్ సైకాలజిస్టో చేస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తూ గమనించే ఏడాస్-2 అనే పరీక్షలో మాటలు బాగా వచ్చిన పెద్దవాళ్ళకి నాలుగో మాడ్యూల్ ఉంది. ఏక్యూ అనే 50 ప్రశ్నల పత్రం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ అది వెళ్ళాలా వద్దా అనుకోవడానికే, తేల్చడానికి కాదు. అమ్మా నాన్నల్లో ఒకరినో, చిన్నప్పుడు చూసిన అత్తనో పిన్నినో వెంట తీసుకెళ్ళండి. పాత ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన వాక్యాలు స్కాన్ ఫిల్ముల కంటే వంద రెట్లు పనికొస్తాయి.

సర్టిఫికెట్ వ్యవహారం వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఒకటి. తీవ్రత కొలవడానికి మన దేశంలో వాడుతూ వచ్చిన ఐసా స్కేలులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. దాన్ని తయారుచేసింది సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే, ఇప్పటి పేరు నీపిడ్. ఆ 40 అంశాల్లో ఒక్కటి కూడా మెదడు స్కాన్ గురించి కాదు.

విద్యార్థిని. ఈ డేటాతో ప్రాజెక్ట్ చెయ్యొచ్చా?

అబైడ్ రెండు విడతలూ కలిపి 2,000 దాటి స్కాన్లు, పేరు నమోదు చేసుకుంటే ఉచితం. అందరూ చేసే తప్పులు మూడు. స్కాన్లన్నిటినీ కలిపి యాదృచ్ఛికంగా విడగొట్టడం మొదటిది. మోడల్ ఆటిజాన్ని కాక స్కానర్‌ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఒక కేంద్రం మొత్తాన్ని పక్కనపెట్టి, మిగతావాటితో నేర్పి, దానిమీద పరీక్షించండి. స్కానర్ల మధ్య తేడాల్ని సరిచేసే కాంబాట్ లాంటి సవరణని మొత్తం డేటా మీద ఒకేసారి చెయ్యడం రెండోది. శిక్షణ భాగంలో మాత్రమే లెక్కగట్టి పరీక్ష భాగానికి వర్తింపజేయాలి, లేకపోతే పరీక్ష డేటా జవాబు ముందే లీకవుతుంది. మూడోది, తల కదలిక చూడకపోవడం. ఒక్కో స్కాన్‌నీ కళ్ళతో చూసి మసకగా ఉన్నవి తీసెయ్యండి. తీసేశాక కచ్చితత్వం పడిపోతే, అప్పటిదాకా మీ మోడల్ చూస్తున్నది కదలికనే అయ్యుండొచ్చు.